పది గంటల సైరన్

కిందటి వారం ప్రమీలారాణిని జగదల్‌పూర్ మందుల సెంటరులో బల్లకి ఇవతల నిలబెట్టి వచ్చాం. బల్లకి అవతల సిస్టరమ్మ. ఇద్దరి మధ్యా పేషెంటు ఎర్రమ్మ డబ్బాలోంచి పోసిన మాత్రలు. నెలకి ముప్పై ఇచ్చారు. వేలితో రెండేసి జరిపి చూస్తే పందొమ్మిది మిగిలాయి. అంతకు ముందు నెల మిగిలినవి పదకొండు. ఒంట్లో నలతగా ఉందని ఎర్రమ్మ తాను రాకుండా డబ్బా మాత్రం పంపించింది. ఆ డబ్బాయే ఆవిడ గుట్టు బయటపెట్టింది.

"ఇలాగే ఇంకో రెండు నెలలు సాగితే ఈ మందు ఆమెకి పనిచేయడం మానేస్తుంది," అంది సిస్టరమ్మ హిందీలో. "ఆ తరవాతి మందు ఇక్కడ దొరకదు. నెలనెలా రాయపూర్ పోవాలి. పోతుందా?"

జగదల్‌పూర్ దాకానే రాని మనిషి రాయపూర్ ఏం పోతుంది! ప్రమీలారాణి కొత్త డబ్బా సంచిలో వేసుకుని సాయంత్రం పాసింజరెక్కి ఇంటికొచ్చింది. మర్నాడు పొద్దున్నే ఎర్రమ్మ ఇంటి దారి పట్టింది. కోపంగానే పట్టింది.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే సైరన్ సంగతి చెప్పుకోవాలి.

ప్రమీలారాణి రైల్వేలో పట్టాలు చూసుకునే కీమేన్ యేసుపాదం భార్య. యేసుపాదం పోయి ఏడేళ్ళయింది. పోతూ పోతూ భార్యకి హెచ్.ఐ.వి. కూడా మిగిల్చి పోయాడు. ఒక ఏడాదంతా ఏడ్చి, రెండో ఏడు ఆవిడ కొంగు బిగించి లేచింది. ఇప్పుడు కిరందుల్ రైలు లైను పొడుగునా అదే జబ్బుతో ఉన్న పదిహేడు మంది ఆడవాళ్ళ ఇళ్ళకి తిరుగుతుంది. వాళ్ళు మందులు మింగుతున్నారో లేదో చూడటం సగం పని. మిగతా సగం మనసుకి సంబంధించింది. ఒంటికి జబ్బు రాకముందే మనసుకి దెబ్బ తగిలినవాళ్ళు వీళ్ళలో చాలామంది. ఆ దెబ్బ సంగతి చూడకపోతే మందు గొంతు దిగదని విశాఖపట్నంలో డాక్టరు సత్యమూర్తిగారు పది రోజులు కూర్చోబెట్టి నేర్పారు.

క్రిస్మస్ తరవాత మందు మారింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకునే పాత మాత్రలు పోయి, రాత్రి పడుకోబోయే ముందు వేసుకునే ఒకే ఒక్క మాత్ర వచ్చింది. రోజూ ఒకే వేళకి పడాలి. సగం ఇళ్ళలో గడియారం లేదు. ఫోనులో అలారం పెట్టుకుంటే "ఏం మందే అది, ఈ వేళప్పుడు?" అని అత్తగారు లేచి కూర్చుంటుంది. అప్పుడు ప్రమీలారాణికి తళుక్కున ఒక ఆలోచన వచ్చింది. గని మీద రాత్రి షిఫ్టు మొదలవుతూ పదింటికి సైరన్ మోగుతుంది. ఊరంతా వింటుంది, ఎవరికీ అనుమానం రాదు. "సైరన్ మోగేసరికి డబ్బా చేతిలో ఉండాలి, ఆగేసరికి మాత్ర కడుపులో ఉండాలి" అని సూత్రం కట్టింది. డబ్బా గలగలమనకుండా దూది కుక్కుకోమని కూడా చెప్పింది. పదహారు మందికి అది బైబిలు మాటయిపోయింది. సెంటరువాళ్ళు శభాషన్నారు. ఆ శభాష్‌ని ఆవిడ ఇప్పటికీ పెట్టెలో దాచుకున్న పట్టుచీరలా అప్పుడప్పుడూ తీసి చూసుకుంటూ ఉంటుంది.

పదిహేడో మనిషి ఎర్రమ్మ. అదీ కోపం.

స్టేషను దాటాక పట్టాల పక్కన కాలిబాట. ఇనప ఖనిజం గూడ్సు ఒకటి తోక కనిపించకుండా పోతూనే ఉంది. దారిన పోయే కుక్క కూడా ఇక్కడ ఎర్రగానే ఉంటుంది. ఈ దుమ్ములో తెల్లచీర కట్టాలంటే మొండితనం కావాలి, ప్రమీలారాణికి అది కావలసినంత ఉంది. సగం దారిలో ఫోను మోగింది. చెల్లెలు సువార్త.

"అప్పా, రేపు పొద్దున్న ప్రార్థన. నువ్వు బేగి వచ్చీ. ఆయన అప్పుడే మిఠాయి కూడా తెచ్చేసినారు."

"నువ్వు అటూ ఇటూ తిరక్కుండా కూకో. నాను వొస్తాను కదా," అంది ప్రమీలారాణి, గొంతులో కోపం దానంతటదే కరిగిపోయి.

సువార్తకి ఏడో నెల, ప్రార్థన అందుకే. ఏడాదిన్నర కిందట శ్రీకాకుళం పక్క ఊరినుంచి చెల్లెల్ని రప్పించి తాతబాబుకి కట్టబెట్టింది ప్రమీలారాణే. తాతబాబు గని ఖనిజాన్ని గూడ్సుకెత్తే సైడింగులో లోడింగు మేస్త్రి, చర్చిలో పెద్ద. తాను తిరిగే ఆడవాళ్ళ ఆదివారం సమావేశాలకి చోటు దొరకడం లేదంటే కొత్త సంవత్సరం నాడు చర్చి వెనక గది తాళంచెవి తెచ్చి వదినగారి చేతిలో పెట్టాడు. అలాంటి మరిది ఏ ప్రార్థనకి ఫలమో అనుకుంది ఆవిడ. ఒకే ఒక్క లోటు. గర్భిణికి మూడో నెలలో చేయించవలసిన రక్తపరీక్షల కాయితం చూపించమని రెండుసార్లు అడిగింది. "అన్నీ వైజాగులో చేయించేశాను వదినా," అన్నాడు. సరేలే అనుకుంది. ఊరందరి కాయితాలూ చదివే మనిషి సొంత చెల్లెలి కాయితం చూడలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

ఎర్రమ్మ ఇల్లు పట్టాలకి దిగువన, బస్తీలో, రేకుల కప్పుతో ఉంటుంది. మొగుడు వదిలేసి పోయాక మూడేళ్ళ కిందట ఇక్కడికి మారింది. ముప్పై నిండని మనిషి. అరుగు మీద షావుకారు పంపిన చింతపండు బస్తా ముందు పోసుకుని కూర్చుంది. బండ మీద కాయ పెట్టి చిన్న రాయితో ఒక్క దెబ్బ వేస్తే గింజ ఒక పక్కకి, పండు ఒక పక్కకి పడుతోంది. పక్కింటి గోండు పిల్ల మంగి తమ గుమ్మంలో నిలబడి, "దీదీ వచ్చింది," అని ఎర్రమ్మకి కేక వేసి లోపలికి పోయింది.

"రా అప్పా. కూకో," అంది ఎర్రమ్మ.

ప్రమీలారాణి కూర్చోలేదు. కొత్త డబ్బా తీసి గింజల కుప్ప పక్కన పెట్టింది.

"పందొమ్మిది," అంది.

ఎర్రమ్మ తలెత్తలేదు. "లెక్కెట్టినారేటి."

"లెక్కెట్టరా మరి? అది ఆళ్ళ డూటీ. మరిచిపోతన్నావా?"

"మరిచిపోనేదు."

"పడ్డం లేదా? తల తిరుగుతోందా? ఈ మాత్రకి మొదట్లో పిచ్చి కలలు అందరికీ వొస్తాయి, నాకూ వొచ్చినాయి..."

"మందు మంచిదే అప్పా."

"మరింకేటమ్మా నీ బాధ! సైరన్ ఇనబడదా నీకు? చెవిటోడికి కూడా ఇనబడతాదే అది!"

రాయి ఆగిపోయింది.

"ఇనబడతాది," అంది ఎర్రమ్మ. మళ్ళీ అదే మాట అంది. "ఇనబడతాదప్పా."

రెండోసారి అన్న గొంతు మొదటిసారి గొంతు కాదు. ప్రమీలారాణి నోట్లో సిద్ధంగా ఉన్న ఉపన్యాసం అక్కడే నిలిచిపోయింది. ఎర్రమ్మ వేళ్ళు రాయి చుట్టూ బిగుసుకున్నాయి. చూపు తన మీద లేదు, తలుపు మీద ఉంది. అప్పుడు చూసింది ప్రమీలారాణి, ఎర్రమ్మ ఎప్పుడూ గోడకి వీపు ఆనించి తలుపు కనపడేలాగే కూర్చుంటుందని. తెరిచి ఉన్న తలుపు రెక్క వెనకే ఒక ఇనప ట్రంకుపెట్టె. ఎన్నిసార్లు వచ్చింది ఈ ఇంటికి! గోడవార ఉండాల్సిన పెట్టె గుమ్మం దగ్గరెందుకుందని ఒక్కసారైనా అనుకోలేదు.

మనిషి రాయైపోయినప్పుడు ప్రశ్నలు వేయకండి అనేవారు సత్యమూర్తిగారు. పక్కన కూర్చోండి. వీలైతే ఆవిడ చేస్తున్న పనే మీరూ చేయండి. ఏం జరిగిందో చెప్పించడం మన పని కాదు. చెప్పినా చెప్పకపోయినా ఇప్పుడు, ఇక్కడ, తనకేం భయం లేదని ఆవిడకి తెలియాలి, అంతే.

ప్రమీలారాణి చెప్పులు విడిచి అరుగెక్కింది. తలుపుకి అడ్డం రాకుండా ఒక పక్కగా కూర్చుని, ఇంకో రాయి వెతుక్కుని, చింతకాయ ఒకటి బండ మీద పెట్టి కొట్టింది. గింజ ఎగిరి చీర మీద పడింది. రెండోది వేలి మీద తగిలింది. మూడోదానికి ఎర్రమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "అలగ కాదు. ఈనె పక్కనించి కొట్టు," అంది.

ఇద్దరూ కొడుతూ కూర్చున్నారు. గూడ్సు తోక దాటిపోయింది. కోళ్ళు గింజల కోసం వచ్చి, తినేవి కావని తెలుసుకుని పోయాయి. బస్తా పావు వంతు తరిగాక ఎర్రమ్మ, ఎవరూ అడగకుండానే, బండ వైపు చూస్తూ మొదలుపెట్టింది.

"మా ఆయన సైడింగులో కూలీ కదా. పగటి డూటీ. బాగానే ఉండీవోళ్ళం. అయిదేళ్ళ కిందట వానల్లో రాత్రి డూటీకి మార్చేసినారు. మార్చినోడు ఎందుకు మార్చినాడో మాకేటి తెలుసు."

ఒక కాయ కొట్టింది.

"సైరన్ కూసీది. ఈయన టిపిను ఒట్టుకుని ఎల్లిపోయీవోడు. కూత ఆగిన పావుగంటకి తలుపు మీద మూడు దెబ్బలు. గట్టిగా కాదప్పా. మెల్లగా. చుట్టం వొచ్చి తట్టినట్టు. మొదటిరోజు ఈయనే ఏదో మరిచిపోయి వొచ్చినాడని తీసినాను."

తరవాత జరిగింది ఎర్రమ్మ చెప్పలేదు. ప్రమీలారాణి అడగలేదు. మనమూ అడగొద్దు.

"తీయనంటే, రేపట్నించి నీ మొగుడికి పని లేదు అనీవోడు. చలి ముదిరీదాకా అలగే. రోజూ సైరన్. రోజూ మూడు..."

మాట అక్కడ ఆగింది. ఎర్రమ్మ చేతివేళ్ళు బండ మీద మెల్లగా మూడుసార్లు తట్టాయి. మళ్ళీ మూడుసార్లు. కళ్ళు తలుపు మీద నిలిచిపోయాయి, ఊపిరి పైపైనే ఆడుతోంది. పట్టపగలు, ఎండ అరుగు మీదికి వచ్చేసింది, ఎర్రమ్మ మాత్రం అక్కడ లేదు.

"ఎర్రమ్మా," అంది ప్రమీలారాణి, ముట్టుకోకుండా. "నేను రాణిని. ఇది పొద్దు. నీ అరుగు మీదున్నావు. తలుపు తెరిచే ఉంది చూడు, ఎవరూ లేరు. ఇదిగో, ఈ రెబ్బ నోట్లో ఏసుకో."

చింతపండు రెబ్బ చేతిలో పెట్టింది. ఎర్రమ్మ దాన్ని ఏమిటో తెలియనట్టు చూసి, నోట్లో వేసుకుంది. కాసేపటికి మొహం చిట్లింది. ఒక కన్ను మూసుకుపోయింది.

"పుల్లగుందా?"

"చింతపండు పుల్లగా కాక సెక్కెరలాగుంటాదేటి?" అంది ఎర్రమ్మ. అని, నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ప్రమీలారాణికి కూడా కళ్ళు నిండాయి. ఇలాంటప్పుడు ఏడవకూడదని శిక్షణలో చెప్పారు కానీ శిక్షణ ఇచ్చినవాళ్ళెవరూ ఈ అరుగు మీద లేరు.

ముక్కు తుడుచుకుని ఎర్రమ్మ మిగతాది చెప్పింది. ఆ తరవాత జ్వరం వచ్చి తగ్గలేదు, పరీక్ష చేశారు. మొగుడికీ చేశారు. మొగుడికి లేదు, తనకుంది. "ఇంకేటుందప్పా. నిప్పు లేకుండా పొగొస్తాదా అన్నారు అందరూ. ఎవుడాడు, పేరు సెప్పు అని ఈయన మీద పడ్డాడు. పేరు సెపితే నమ్ముతారేటి? ఆడు పెద్దమనిషి. ఈయన పెట్టె సర్దుకుని ఎల్లిపోనాడు."

"మరి మూడేళ్ళు మందులు ఒక్క పూట తప్పకుండా వేసుకున్నావు కదమ్మా," అంది ప్రమీలారాణి. నిజంగానే అర్థం కాక అడిగింది.

"అవి పొద్దున, సందేళ కదా. పదింటికి నాను ఇంట్లో ఉండీదాన్ని కాదు. ఆ ఏలకి మంగోళ్ళ ఇంటికి పోయి పొయ్యికాడ కూకుందును. ఆళ్ళు వాగుతా ఉంటారు, ముసలోళ్ళు పాటలు పాడుకుంటారు, ఆళ్ళ మాట నాకు సగం తెలీదు. ఆ సందడిలో సైరన్ కూసి ఎల్లిపోయీది. తరవాత వొచ్చి పడుకుందును." ఎర్రమ్మ కొత్త డబ్బా చేతిలోకి తీసుకుని మూత మీద దుమ్ము తుడిచింది. "నువ్వేమో సైరన్ కూసీసరికి డబ్బా ఒట్టుకుని ఇంట్లో ఉండమన్నావు. మంగోళ్ళ ముందర మాత్ర ఏసుకోలేను కదా. ఇంట్లో ఉంటన్నాను. అది కూత ఏస్తాది. నాను పెట్టె జరిపి తలుపుకి అడ్డమెట్టి దాని మీద కూకుంటన్నాను. డబ్బా సేతిలోనే ఉంటాది. తెల్లారిపోతాది."

ప్రమీలారాణి చేతిలో రాయి కింద పెట్టింది.

పదహారు మందిని నిలబెట్టిన సైరన్ పదిహేడో మనిషిని పడగొట్టింది. పడగొట్టిన చెయ్యి తనదే. ఎర్రమ్మ ఎవరి సాయమూ లేకుండా, ఏ డాక్టరూ చెప్పకుండా, తనకి తాను ఒక మందు కనిపెట్టుకుంది, మంగి వాళ్ళ పొయ్యి దగ్గర రోజుకో గంట. తాను వచ్చి సూత్రం చెప్పి ఆ పొయ్యి దగ్గర్నించి లేవగొట్టి, సైరన్‌తో ఒంటరిగా గదిలో పెట్టింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "నీకు ఆ వేళ ఎలా ఉంటుందమ్మా?" అని అడిగుంటే పోయేది. అడగలేదు. సిగ్గుతో ఆవిడ చెవులు వేడెక్కాయి.

"తప్పు నాది ఎర్రమ్మా," అంది. "నీది కాదు. ఒక్క మాత్ర కూడా నువ్వు తప్పలేదు. నేను తప్పాను."

ఎర్రమ్మ వింతగా చూసింది. తప్పు నాదని తన ఎదుట ఒక మనిషి అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"ఆ సైరన్ మాట ఇంక మరిచిపో. నీకు ఏ వేళ మంచి వేళ? రోజూ తప్పకుండా చేసే పని, నీకు హాయిగా ఉండే పని, చీకటి పడ్డాక ఏదుంది?"

ఎర్రమ్మ చాలాసేపు ఆలోచించింది. "కోళ్ళని గంప కింద కమ్మీటప్పుడు," అంది చివరికి. "ఒకటి, రెండు, మూడు అని నోపలికి తోసి గంప మూసినాక, హమ్మయ్య అనిపిస్తాది. ఏటీ రానేదు, ఏటీ పోనేదు అనిపిస్తాది."

ప్రమీలారాణి అక్కడికక్కడే సత్యమూర్తిగారికి ఫోను కలిపింది. రాత్రి పదింటికి బదులు సాయంత్రం ఏడింటికైతే? ఆయన ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. రోజూ ఒకే వేళైతే చాలు, మందు వేసుకునే ముందు కడుపు నిండా తినకుండా చూడండి, పొయ్యి దగ్గర కూర్చోవడం మాత్రం మాన్పించకండి అన్నారు. తరవాత, "ఆ వేళ ఎవరు చెప్పారు?" అని అడిగారు.

"ఎర్రమ్మే చెప్పిందండి."

"అయితే జరుగుతుంది," అన్నారాయన.

ఎర్రమ్మ డబ్బా మూత తీసి, లోపల దూది సరిచేసి, కోళ్ళగంప పక్కన గూట్లో పెట్టింది. ఆ పెట్టడంలో ఒక ఇల్లాలితనం ఉంది. ప్రమీలారాణి గుండె కుదుటపడింది. ఈ పిల్ల బతుకుతుంది అనుకుంది.

"ఒక్క మాట," అంది లేవబోతూ. "ఆడెవరని నేను అడగను. ఎప్పటికీ అడగను. ఈ అరుగు మీద మాట ఈ అరుగు మీదే. దేవుడి తోడు."

"అడక్కప్పా," అంది ఎర్రమ్మ. "నీకు మరీ సెప్పకూడదు."

"నాకు మరీ ఏటి?"

ఎర్రమ్మ కాయ ఒకటి బండ మీద పెట్టింది.

"సరే. ఆదివారం సమావేశానికి మాత్రం రా. మూడు నెలలైంది నువ్వొచ్చి. అందరూ అడుగుతున్నారు. కొత్త గది బాగుంది, ఫ్యాను కూడా..."

"ఆ గదికి రాను."

"ఎందుకమ్మా?"

"ఆ గదికి రానప్పా. ఇంకెక్కడికైనా వొస్తాను. పట్టాల మీద కూకుందామంటే పట్టాల మీదికి వొస్తాను."

ప్రమీలారాణి ఇంకో మాట అనేలోగా సందు మొదట్లో మోటారుసైకిల్ ఆగింది. "అదిగో, దీదీ అక్కడ," అని మంగి ఎవరికో చెప్పడం వినిపించింది. తరవాత చనువుగా, నవ్వుతున్న గొంతు.

"వదినా! ఓ వదినా! ఊరంతా గాలిస్తున్నాను నీ కోసం!"

ఎర్రమ్మ చేతిలో రాయి జారి బండ మీంచి దొర్లింది. ఒళ్ళో చింతపండు నేల మీద పడింది. ఆమె లేవడం ప్రమీలారాణి సరిగ్గా చూడనైనా లేదు. తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆ వెనకే ఇనప పెట్టె నేల మీద రాసుకుంటూ జరిగి తలుపుకి ఆనిన చప్పుడు.

పట్టపగలు పదకొండు గంటలు. ఎక్కడా ఏ సైరనూ మోగలేదు.

అడగనని ఒట్టు పెట్టుకుంది ప్రమీలారాణి. అడగకుండానే జవాబు వచ్చింది. రాత్రి డూటీకి మార్చిన లోడింగు మేస్త్రి. చర్చిలో పెద్దమనిషి. మూడు నెలలుగా ఎర్రమ్మ అడుగు పెట్టని గది, ఆ గది తాళంచెవి ఇచ్చిన చెయ్యి. నీకు మరీ చెప్పకూడదు. పదిహేడు మందికి నేర్పిన విద్య తనకి అవసరమైంది. వంగి, నేల మీద పడ్డ చింతపండు రెబ్బ తీసి నోట్లో పెట్టుకుంది. పుల్లగా ఉంది. పుల్లగా ఉంటే మనిషి ఇక్కడే ఉన్నట్టు.

తాతబాబు కంచె దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో మిఠాయి పెట్టె. "పాస్టరుగారు రేపు పొద్దున్న ఎనిమిదింటికే వస్తారట. సువార్త నిన్ను ఇప్పుడే తీసుకురమ్మంది. ఎక్కు వదినా. ఎవరిదీ ఇల్లు?"

"మా పేషెంటుది."

"మంచి పని చేస్తన్నావు వదినా. దేవుడు చూస్తాడు."

"తాతబాబూ," అంది ప్రమీలారాణి. గొంతు తనదేనా అన్నంత నెమ్మదిగా వచ్చింది. "సువార్త రక్తపరీక్ష కాయితం ఏదీ? రెండుసార్లు అడిగాను."

"వైజాగులో చేయించానని చెప్పలేదా?"

"ఏ ఆసుపత్రిలో?"

తాతబాబు నవ్వాడు. "పోలీసులాగ అడుగుతున్నావే! సరే, చేయించలేదు. ఆ పరీక్ష మనింటి ఆడోళ్ళకెందుకు వదినా? అది ఇలాంటోళ్ళకి కదా." గడ్డంతో మూసిన తలుపు వైపు చూపించాడు.

సువార్తకి ఏడో నెల. ఇప్పుడు పరీక్ష చేయించి, ఉంటే ఇప్పుడే మందు మొదలుపెడితే, లోపలి బిడ్డని జబ్బు అంటకుండా కాపాడుకోవచ్చు. అలా కాపాడుకున్న నలుగురు పిల్లల్ని ప్రమీలారాణి ఎత్తుకుని ఆడించింది. కానీ ఎందుకు చేయించాలో చెప్పడానికి ఆవిడకి ఇప్పుడు నోరు లేదు. అది ఈ అరుగుకి ఇచ్చేసింది.

"అందరికీ చేస్తారు. సోమవారం నేనే తీసుకెళ్తాను," అంది.

తాతబాబు మొహంలో నవ్వు పోలేదు. కళ్ళలో మాత్రం పోయింది. "అక్కర్లేదు. నా పెళ్ళాం ఆ సెంటరు గుమ్మం తొక్కదు. నలుగురూ ఏమనుకుంటారు? రేపు ప్రార్థన కాగానే రైలెక్కించి మా అమ్మ దగ్గరికి ఊరు పంపించేస్తున్నాను. పురుడు అక్కడే. నువ్వు దాని సంగతి ఇంక నాకొదిలెయ్ వదినా."

రేపే. మాట నిలబెట్టుకుంటే చెల్లెలు పోతుంది. చెల్లెల్ని నిలబెట్టుకుంటే ఈ తలుపు వెనక మనిషి పోతుంది, ఈసారి ఏ కోళ్ళగంపా ఆమెని వెనక్కి తీసుకురాలేదు.

అప్పుడు వెనక, ఇనప పెట్టె నేల మీద రాసుకుంటూ జరిగింది. తలుపు మీదికి కాదు, తలుపు మీంచి.

"ఎవరిదన్నావు ఈ ఇల్లు?" అన్నాడు తాతబాబు అటు తిరిగి.

లోపల్నించి ఎర్రమ్మ గడియ తీస్తోంది.